ఇన్సర్ట్‌లో మంట ఉన్నా ఇల్లు ఎందుకు వెచ్చబడడం లేదు? తిరుపతి పాఠకునికి సమాధానం

ప్రశ్న: మాది తిరుపతి. తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి, కోడలు అమెరికాలో పిట్స్‌బర్గ్ శివార్లలో ఒక పాత ఇటుకల ఇల్లు కొనుక్కున్నారు. హాలు బయటి గోడలో ఉన్న పాత ఫైర్‌ప్లేస్‌లో, అంతకుముందు ఉన్నవాళ్లు అమర్చిన కట్టెల ఇన్సర్ట్ (ఫైర్‌ప్లేస్ లోపల ఇమిడే, అద్దం తలుపు ఉన్న ఇనుప పెట్టె) ఒకటి ఉంది. పోయిన చలికాలం నేనూ, మా ఆవిడా అక్కడే ఉన్నాము. రోజంతా నేను దగ్గర కూర్చుని ఒక్కొక్క కట్టె వేస్తూ మంట ఎగదోస్తూనే ఉన్నా, దాని ఎదుట కూర్చున్నంతసేపే వెచ్చగా ఉండేది. నడవా చివరనున్న మా పడకగది, మంట వేసిన రోజున మామూలు కంటే చల్లగా ఉండేది. అద్దం రెండు గంటలకే నల్లబడేది. మంట బాగా రావాలని మా అబ్బాయి, లోపలికి వెళ్లే గాలిని పెంచే తగ్గించే మీటను పూర్తిగా తెరిచే ఉంచేవాడు. ఇన్సర్ట్‌కు ఉన్న ఫ్యాను మోత భరించలేక ఆపేశాము. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, చలికి అసలు తట్టుకోలేదు. నవంబరులో మళ్లీ వెళ్లాలి. ఇంతకంటే పెద్ద ఇన్సర్ట్ కొనమని అబ్బాయికి చెప్పమంటారా?

సమాధానం: నమస్కారం. పెద్ద ఇన్సర్ట్ కొనమని ఇప్పుడే చెప్పవద్దు. మీ అబ్బాయి కొంటున్న కట్టెల్లో కావలసినంత వేడి ఉన్నది, అది గదిలోకి రాకుండా ఎక్కడెక్కడ పోతున్నదో మీ ఉత్తరంలోని వివరాలే చాలావరకు చెబుతున్నాయి. అద్దం నల్లబడడాన్ని బట్టి కట్టె సరిగా ఎండలేదని అనుమానించాలి. పూర్తిగా తెరిచి ఉంచిన గాలి మీట వేడిని పొగగొట్టంలోకి తోసేస్తున్నది. ఫ్యాను ఆపేసినందువల్ల ఇనుప పెట్టె చుట్టూ చేరిన వేడి గోడలోనే ఇంకిపోతున్నది. పడకగది మరింత చల్లబడడానికి మాత్రం వీటితో సంబంధం లేని వేరొక కారణం ఉన్నది, దాన్ని తరువాత వివరిస్తాను. ఇవన్నీ అలాగే ఉంచి పెద్ద పెట్టె తెచ్చి పెడితే అది ఎక్కువ కట్టెలు తింటుందే తప్ప మీ శ్రీమతి గారికి ఊరట కలగదు.

అన్నిటికంటే ముందు కట్టె సంగతి చూడాలి, ఎందుకంటే అది బాగు లేకపోతే మిగిలిన ఏ మార్పూ పూర్తి ఫలితమివ్వదు. ఎండిన కట్టె వేడెక్కినప్పుడు దాని బరువులో సుమారు నాలుగింట మూడు వంతులు వాయువులుగా మారి పైకి లేస్తుంది, కట్టెలోని మొత్తం వేడిలో సగానికి పైగా ఆ వాయువుల్లోనే ఉంటుంది. మనం మంట అని చూసేది ఆ వాయువులు మండడాన్నే. పెట్టె పైభాగంలో వరుసగా రంధ్రాలున్న సన్నని గొట్టాలు కనిపిస్తే, వాటి ద్వారా వేడెక్కిన గాలి వచ్చి మిగిలిపోయిన వాయువును కూడా మండించాలన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. అయితే అక్కడ ఉష్ణోగ్రత సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే తప్ప ఆ వాయువు అంటుకోదు. కట్టెలోని ఒక్కొక్క కిలో నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 2.6 మెగాజౌళ్ల (మెగాజౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఒక ఎత్తు అయితే, ఆ నీరు పెట్టెను చల్లబరచి వాయువులను అంటుకోనీయకపోవడం మరొక ఎత్తు, నిజానికి పెద్ద నష్టం ఈ రెండోదే. మండకుండా మిగిలిన ఆ వాయువే పొగగా మారి అద్దం మీద మసిగా, గొట్టం లోపల క్రియోసోట్ అనే తారు వంటి పొరగా పేరుకుంటుంది. మన చిత్తూరు వైపు బెల్లం గానుగల దగ్గర చెరకు పిప్పిని ఎండలో పరిచి, బాగా ఎండిన తరువాతనే పొయ్యిలో వేస్తారు. పచ్చి పిప్పితో ఎంత పొగ వచ్చినా పెనంలో రసం కాగదని అక్కడ పనిచేసే వాళ్లందరికీ తెలుసు. మీ అబ్బాయి ఇంటి ఇన్సర్ట్‌కూ అదే లెక్క వర్తిస్తుంది.

కాబట్టి అమ్మేవాళ్లు “ఎండిన కట్టె” అని చెప్పిన మాట మీద ఆధారపడకుండా, తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొనుక్కోమనండి, దాని ఖరీదు పెద్దగా ఉండదు. దాన్ని కట్టె పైభాగం మీద గుచ్చితే ప్రయోజనం లేదు, పైపొర సాధారణంగా లోపలి కంటే పొడిగా ఉంటుంది. ఒక కట్టెను అప్పటికప్పుడు చీల్చి, కొత్తగా బయటపడిన ముఖం మీద నడిమధ్యన, కట్టె నార సాగిన దిశలో మీటరు ముళ్లు గుచ్చి చూడాలి. బయట చలిలో గడ్డకట్టిన కట్టె మీద రీడింగు ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది గనుక, ముందు దాన్ని ఇంట్లో ఉంచి గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి. రీడింగు 20 శాతం లోపు ఉంటే ఆ కట్టె వాడవచ్చు. 25 దాటితే ఎంత నేర్పుగా మంట వేసినా మీరు రాసిన కథే మళ్లీ జరుగుతుంది.

తిరుపతిలో మే నెల ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి గనుక ఇక్కడ కట్టె తొందరగా ఎండుతుంది. పిట్స్‌బర్గ్ వేసవిలో అంత వేడీ ఉండదు, వానలూ పడుతుంటాయి. అక్కడ కట్టె ఎండే కాలాన్ని చెట్టు కొట్టిన రోజు నుంచి కాక చీల్చిన రోజు నుంచే లెక్కించాలి. మేపుల్ వంటివి చీల్చి పేర్చిన తరువాత ఒక పూర్తి వేసవి, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం కోరతాయి. ఓక్ మొద్దుకు రెండేళ్లు పట్టడం మామూలే. కట్టెలను నేలకు తగలకుండా దిమ్మెల మీద పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కల గాలి ఆడనివ్వాలి. చుట్టూ పట్టా కట్టేస్తే తేమ లోపలే నిలిచిపోతుంది. ఏ జాతి కట్టె మంచిదని చాలామంది వాదించుకుంటారు గాని, బాగా ఎండిన తరువాత కిలోకు కిలో లెక్కన అన్ని కట్టెలూ ఇంచుమించు ఒకే వేడినిస్తాయి. ఓక్, హికరీ వంటివి బరువైనవి కాబట్టి అదే పెట్టెలో ఎక్కువ కిలోలు పడతాయి, అంతే తేడా. ఎండిన పైన్ కట్టె పచ్చి ఓక్ కంటే ఎన్నో రెట్లు మేలు.

నవంబరుకు ఇంక వ్యవధి లేదు కాబట్టి, ఈ ఏడాదికి వేడి గదిలో (కిల్న్) ఎండబెట్టి అమ్మే కట్టె గాని, రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన దిమ్మెలు గాని కొనడమే మార్గం. ఆ దిమ్మెలు చాలా పొడిగా ఉండి తీవ్రంగా మండుతాయి గనుక, ఒకసారికి ఎన్ని వేయవచ్చో తయారీదారు చెప్పిన లెక్కను మించకూడదు. వచ్చే ఏటి కట్టెను మాత్రం ఇప్పుడే కొని పేర్చుకోమనండి. అక్కడ కట్టెను కార్డ్ అనే కొలతతో అమ్ముతారు. ఒక కార్డ్ అంటే 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవున పేర్చిన కుప్ప, అంటే 128 ఘనపుటడుగులు. కొనేముందు పెట్టె లోపలి పొడవు కొలుచుకుని, దానికి సరిపడే ముక్కలే అడగాలి.

ఇక మంట నడిపే పద్ధతి. మన ఇళ్లలో కట్టెల పొయ్యి దగ్గర కూర్చుని కట్టెను కొద్దికొద్దిగా లోపలికి నెడుతూ ఉండడం వంట కోసం ఏర్పడిన అలవాటు, అక్కడ అది సరైనదే. ఇన్సర్ట్‌కు ఆ అలవాటు పనికిరాదు. ఒక్కొక్క కట్టె వేస్తూ తలుపు మాటిమాటికీ తెరుస్తుంటే పెట్టె చల్లబడిపోతుంది, ఒంటరి కట్టె చుట్టూ తగినంత వేడి నిలవదు. ఎర్రటి బొగ్గులు మిగిలినప్పుడు వాటిని తలుపు వైపుకు లాగి, వెనుక భాగంలో నాలుగైదు కట్టెలు ఒకేసారి పేర్చి, గాలి మీటను పూర్తిగా తెరవాలి. కట్టెలన్నీ అంటుకుని పైపొర నల్లగా కాలిన తరువాత, అంటే సుమారు 15 నుంచి 20 నిమిషాలకు, మీటను ఒకేసారి కాకుండా మూడు నాలుగు విడతలుగా తగ్గించుకుంటూ రావాలి. ప్రతిసారీ మంట కొంచెం నెమ్మదించి, మళ్లీ నిలదొక్కుకున్నాకే తరువాతి విడతకు వెళ్లాలి. చివరకు మంటలు తొందర లేకుండా మెల్లగా ఊగుతూ, పైన గొట్టాల రంధ్రాల దగ్గర కూడా జ్వాలలు కనిపిస్తుంటే పెట్టె సరిగా పనిచేస్తున్నట్టే. మీ అబ్బాయి చేస్తున్నట్టు మీట తెరిచే ఉంచితే మంట చూడడానికి ఘనంగా ఉంటుంది కాని, ఆ వేగానికి వేడి గాలి పెట్టె గోడలకు వేడినివ్వకముందే చిమ్నీ దాటి పోతుంది. కట్టెలు అంటుకోకముందే మీట మూసేసినా తప్పే, అప్పుడు కట్టె పొగ కక్కుతూ క్రియోసోట్ పెరుగుతుంది.

ఇన్సర్ట్ ఇవ్వగలిగిన వేడి ఎంతో తెలుసుకుంటే ఆశ కూడా హద్దులో ఉంటుంది. మధ్యరకం పెట్టెలో 15 కిలోల పొడి కట్టె పట్టిందనుకుందాం. కిలోకు దాదాపు 15 మెగాజౌళ్ల చొప్పున 225 మెగాజౌళ్లు, అందులో 70 శాతం గదికి చేరితే సుమారు 157. ఆ కట్టె ఎనిమిది గంటలు మండితే సగటున 5.5 కిలోవాట్లు, అంటే గంటకు 19,000 బీటీయూల (అమెరికాలో వేడిని కొలిచే ప్రమాణం) లోపే. ప్రకటనల్లో 60,000, 70,000 బీటీయూలని రాసేది పెట్టె పూర్తిగా రాజుకున్న కొద్దిసేపటి లెక్క. బయట సున్నాకు పది పదిహేను డిగ్రీలు దిగువన ఉన్న రాత్రి, గోడల్లో ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) లేని ఒక పాత ఇటుకల ఇల్లు ఇంతకు రెట్టింపు వేడిని సునాయాసంగా పోగొట్టుకోగలదు. అందువల్ల ఇన్సర్ట్ ఒక్కటే ఇల్లంతా వెచ్చబరుస్తుందని అనుకోకుండా, హాలును హాయిగా ఉంచి, మిగిలిన ఇంటికి గొట్టాల ద్వారా వేడి గాలి పంపే యంత్రమైన ఫర్నేస్ మీద భారం తగ్గించే సాధనంగా దాన్ని చూడాలి. అటక మీద ఇన్సులేషన్ పరిచి, కిటికీల సందులు మూస్తే కలిగే లాభం ఏ ఇన్సర్ట్ మార్పుకూ తీసిపోదు.

ఫ్యాను విషయంలో మీరు రాజీ పడకూడదు. విడిగా గది మధ్య నిలిచే కట్టెల స్టవ్ అన్ని వైపులకూ వేడిని ప్రసరింపజేస్తుంది. ఇన్సర్ట్‌కు ఒక ముఖమే గదిలో ఉంటుంది, మిగిలిన భాగమంతా ఇటుకల మధ్య ఉంటుంది. పెట్టె చుట్టూ ఉన్న సందులో గాలిని తిప్పి గదిలోకి తెచ్చేది ఆ ఫ్యానే. మోత ఎక్కువగా ఉందంటే చాలాసార్లు రెక్కల్లో దుమ్మూ బూడిదా పేరుకుని ఉంటాయి, లేదా బిగింపు వదులై ఉంటుంది. కరెంటు తీసి శుభ్రం చేయించి, తక్కువ వేగంలో నడిపితే సరిపోతుంది. పెట్టె వేడెక్కాకే దాన్ని వేయాలి.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే పనికి వస్తాను. చాలామంది ఇళ్లలో దీని సంగతి ఎవరూ చెప్పరు. పాత ఫైర్‌ప్లేస్ చిమ్నీ చాలా వెడల్పుగా ఉంటుంది. ఇన్సర్ట్ పెట్టినప్పుడు దాని పొగ కోసం ఆ చిమ్నీ లోపల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం, సాధారణంగా ఆరు అంగుళాలది, పైదాకా దించుతారు. ఆ గొట్టానికీ పాత చిమ్నీ గోడలకూ మధ్య ఖాళీ మిగిలిపోతుంది. కింద ఇన్సర్ట్ నెత్తి మీద వేడెక్కిన గాలి గదిలోకి రావడానికి బదులు ఆ ఖాళీలోకి ఎక్కి అక్కడి ఇటుకలను వేడి చేస్తుంటుంది. మీ అబ్బాయి ఇంట్లో ఫైర్‌ప్లేస్ బయటి గోడలో ఉందని రాశారు, అంటే ఆ ఇటుకల అవతల ఉన్నది మంచు. రోజంతా మీరు వేసిన కట్టెల వేడిలో ఒక భాగం పిట్స్‌బర్గ్ వీధికి పోతున్నదన్నమాట. దీనికి విరుగుడుగా, చిమ్నీని మూసే పాత పలక (డ్యాంపర్) ఉన్న మెడ దగ్గర, గొట్టం పట్టేంత రంధ్రం చేసిన ఉక్కు రేకును బిగించి, అంచులను వేడికి తట్టుకునే సీలెంట్‌తో మూసి, పైన రాతి ఉన్ని గాని సెరామిక్ ఉన్ని గాని కూరుతారు. అక్కడ దాన్ని బ్లాక్ ఆఫ్ ప్లేట్ అంటారు. మామూలు గ్లాసు ఉన్ని ఇందుకు వాడకూడదు, దానిలోని జిగురు ఆ వేడికి కాలిపోతుంది. తయారీదారు మాన్యువల్ అనుమతిస్తే ఇన్సర్ట్ వెనుక, పక్కల ఇటుకల మీద కూడా ఆ ఉన్ని పలక పెట్టించవచ్చు.

ఈ పని కోసం ఇన్సర్ట్‌ను బయటికి లాగవలసి ఉంటుంది గనుక, చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా గుర్తింపు పొందిన మనిషినే పిలిపించమనండి. అదే రాకలో కొన్ని విషయాలు చూడమని అడగాలి. స్టీలు గొట్టం నిజంగా చిమ్నీ కొసదాకా ఉన్నదా అన్నది మొదటిది. పూర్వం కొన్ని ఇళ్లలో గొట్టమే లేకుండా ఇన్సర్ట్‌ను ఫైర్‌ప్లేస్‌లోకి నెట్టి వదిలేసేవారు, అది ప్రమాదకరం, అలా ఉంటే సరిచేసేదాకా మంట వేయకూడదు. పెట్టె లోపల పైన ఉండే అడ్డు పలకలు పగలకుండా, పక్కకు జరగకుండా ఉన్నాయా అన్నది రెండోది. ఆ పలక జరిగితే మంట నేరుగా గొట్టంలోకి ఎక్కుతుంది. తలుపు అంచున ఉండే తాడు వంటి గ్యాస్కెట్‌ను మీరే పరీక్షించవచ్చు. పెట్టె చల్లగా ఉన్నప్పుడు ఒక పది రూపాయల నోటును తలుపు సందులో పెట్టి మూసి లాగండి, అది అడ్డు లేకుండా జారి వచ్చేస్తే గ్యాస్కెట్ మార్చాలి.

పడకగది సంగతికి వస్తే, ఫర్నేస్‌ను నడిపే థర్మోస్టాట్ హాల్లోనే ఉందేమో చూడండి. మీరు రాసిన లక్షణానికి అదే కారణమని నా నమ్మకం. ఇన్సర్ట్ ముందు హాలు 23 డిగ్రీలకు చేరగానే థర్మోస్టాట్ ఇల్లంతా వెచ్చగా ఉందనుకుని ఫర్నేస్‌ను ఆపేస్తుంది. అప్పటిదాకా గొట్టాల ద్వారా మీ గదికి వస్తున్న వేడి కూడా ఆగిపోతుంది. అందుకే మంట వేసిన రోజున ఆ గది మామూలు కంటే చల్లబడుతుంది. విపరీతమైన చలిలో ఇలా జరిగితే దూరపు గదుల గోడల్లో నీటి పైపులు గడ్డకట్టి పగిలే అపాయం కూడా ఉంది. వేరే గదిలో ఉంచగలిగే సెన్సర్‌తో వచ్చే థర్మోస్టాట్లు దొరుకుతాయి, ఆ సెన్సర్‌ను మీ పడకగదిలో పెట్టిస్తే ఈ చిక్కు తీరుతుంది. మీ శ్రీమతి గారి మోకాళ్లకు రాత్రిపూట నిలకడైన వేడి అవసరం కాబట్టి, ఈ ఒక్క మార్పు ఆలస్యం చేయకుండా చేయించమని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి.

హాలులోని వేడిని నడవా గుండా గదికి పంపాలంటే, హాల్లో టేబుల్ ఫ్యాను పెట్టి గది వైపు ఊదించాలని ఎవరికైనా తోస్తుంది. దానికి బదులు ఫ్యానును నడవా చివర నేల మీద పెట్టి, చల్లగాలిని హాలు వైపుకు ఊదించండి. చల్లగాలి బరువైనది, నేలబారున ఉంటుంది గనుక చిన్న ఫ్యానుకే కదులుతుంది. అది ఖాళీ చేసిన చోటులోకి వెచ్చని గాలి పైకప్పు కిందుగా దానంతటదే వస్తుంది. గుమ్మం పైన ఒక దారం కట్టి చూస్తే అది పడకగది వైపుకు వాలడం కనిపిస్తుంది. అక్కడి సీలింగ్ ఫ్యాన్లకు తిరిగే దిశ మార్చే మీట సాధారణంగా ఉంటుంది. చలికాలంలో దాన్ని మార్చి, గాలి పైకి పోయేలా తక్కువ వేగంలో తిప్పితే కప్పు దగ్గర చేరిన వేడి గోడల వెంట కిందికి దిగుతుంది.

పాత ఇన్సర్ట్‌ను మార్చక తప్పని సందర్భం ఒకటి ఉంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కట్టెల హీటర్ల పొగకు మొదటి హద్దులు 1988లో పెట్టింది. 2020 నుంచి అక్కడ అమ్మే కొత్తవాటిలో ఆ పొగ గంటకు 2 గ్రాములను, మామూలు కట్టెలతో పరీక్షించినవైతే 2.5 గ్రాములను మించకూడదు. ఇన్సర్ట్‌కు అతికించిన లోహపు పలక మీద ఆ సంస్థ ధ్రువీకరణ ఉందేమో చూడండి. అది లేకుండా, లోపల గాలి గొట్టాలు గాని, పొగను తక్కువ వేడిలోనే మండించే ఉత్ప్రేరకం గాని లేని పాత రకమైతే దాని మీద ఖర్చు పెట్టడం దండగ, అప్పుడు మాత్రం కొత్తది తీసుకోవడమే మంచిది.

జాగ్రత్తల్లో మీరు పట్టుబట్టి చేయించవలసినవి చెబుతాను. పడకగదుల బయట, ప్రతి అంతస్తులోనూ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం ఉండాలి. ఆ వాయువుకు వాసన లేదు, మనిషి పసిగట్టలేడు. చిమ్నీని ఏటా చలికాలానికి ముందు తనిఖీ చేయించి, అవసరమైతే శుభ్రం చేయించాలి. మీరు పచ్చి కట్టె కాల్చి ఒక చలికాలం గడిచింది గనుక, ఈసారి తొలి మంటకు ముందే ఆ పని జరగాలి. పేరుకున్న క్రియోసోట్ మీద కొత్తగా వేడి మంట వేస్తే చిమ్నీలోనే నిప్పు అంటుకోవచ్చు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ లోపల వేయకూడదు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసినప్పుడు పొగ గదిలోకి వస్తుంటే, దగ్గరి కిటికీ కొంచెం తెరిచి చూడండి. పొగ ఆగితే ఇంట్లోకి గాలి చాలడం లేదని అర్థం, బయటి గాలిని నేరుగా పెట్టెకు అందించే ఏర్పాటు గురించి చిమ్నీ పనివారిని అడగాలి. బూడిద తీసేటప్పుడు అంగుళం మందం అడుగున వదిలి, తీసినదాన్ని మూత ఉన్న ఇనుప బకెట్లో వేసి, ఇంటికీ చెక్క మెట్లకూ దూరంగా బయట నేల మీద ఉంచాలి. చల్లారినట్టు కనిపించే బూడిదలో కణికలు రోజుల తరబడి బతికే ఉంటాయి కాబట్టి, దాన్ని గ్యారేజీలోని ప్లాస్టిక్ చెత్తడబ్బాలో ఎన్నడూ పోయనివ్వకండి.